చెన్నైలో మీ ఇంటికి ఒక కాగితం బొమ్మ వస్తే

గుంటూరులోనో నెల్లూరులోనో ఉన్న స్నేహితురాలు ఫోన్ చేసి, “మా చిన్నదానికి స్కూల్లో ఏదో పోస్టు ప్రాజెక్టు ఇచ్చారే, నీ అడ్రస్ ఇచ్చేశాను, ఏమనుకోకు” అంటుంది. వారం తిరక్కుండా ఒక కవరు వస్తుంది. విప్పితే జానెడు పొడుగున్న అట్ట బొమ్మ. స్కెచ్ పెన్నుతో గీసిన రెండు జడలు, ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. వెంట టీచర్ పెట్టిన చీటీ: మా విద్యార్థిని బొమ్మ మీ ఊరు చూడటానికి వచ్చింది, నాలుగు చోట్లకి తిప్పి, ఫోటోలు తీసి, ఉత్తరం రాసి ఫలానా తేదీలోగా తిరిగి పంపండి.

ఇలాంటి బొమ్మ చెన్నైకి వస్తే చాలామంది చేసేది ఒకటే. ఆదివారం మెరీనాకి తీసుకెళ్లి ఒక ఫోటో, మాల్‌లో ఎస్కలేటర్ దగ్గర ఒక ఫోటో, మెట్రో రైల్లో ఒకటి. పిల్ల క్లాసులో నిలబడి “ఇది బీచ్, ఇది మాల్, ఇది మెట్రో” అని చెప్పి కూర్చుంటుంది. విజయవాడలోనూ మాల్ ఉంది, హైదరాబాద్‌లోనూ మెట్రో ఉంది. అందుకని నేను చెప్పే పద్ధతి వేరు. బొమ్మకి చెన్నై అంతా చూపించాలని హైరానా పడకండి. చెన్నైలో ఆ పిల్ల సొంత ఊరు ఎక్కడెక్కడ దాక్కుందో వెతికి, అక్కడ నిలబెట్టి ఫోటో తీయండి. మద్రాసుకీ తెలుగు జిల్లాలకీ ఉన్న సంబంధం వల్ల ఏ ఊరి పిల్లకైనా ఇక్కడ ఏదో ఒకటి దొరుకుతుంది. పిల్ల చెప్పుకోడానికి ఒక కథ ఉంటుంది, వినే టీచర్‌కి కూడా కొత్తగా ఉంటుంది.

ముందు చీటీ చదవండి

బొమ్మ ముద్దుగా ఉందని మురిసిపోయి చీటీని ఫ్రిజ్ మీద పడేయకండి. అందులో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. బొమ్మ తిరిగి రావాలా, లేక మీరు ఇంకో ఊరికి పంపాలా? ఫోటోలు ప్రింటు వేసి పెట్టాలా? ఉత్తరం తెలుగులోనా, ఇంగ్లీషులోనా? పంపాల్సింది ఇంటికా, స్కూలుకా? స్కూలుకైతే తరగతి, సెక్షన్, టీచర్ పేరు లేకుండా పంపితే ఆ కవరు ఆఫీసు గది బీరువా మీద పడి ఉంటుంది. మధ్యలో సెలవులొచ్చేలా ఉంటే ఇంటికే పంపుతానని స్నేహితురాలికి చెప్పేయండి.

గడువు తేదీ నుంచి వెనక్కి పది రోజులు లెక్కపెట్టి, ఆ రోజుని క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టండి. మీ అసలు గడువు అదే.

ఇంకో మాట. బొమ్మ అందిందని పిల్లకి ఒక్క ముక్క చెప్పించండి, అంతటితో ఆపండి. తీసిన ఫోటో తీసినట్టు వాట్సాప్‌లో పంపేస్తే, రేపు కవరు చింపినప్పుడు పిల్లకి చూడటానికేం మిగలదు. స్నేహితురాలు “ఒక్కటి పంపవే, దానికి చూపించనులే” అంటుంది. పంపకండి. చూపిస్తుంది.

బొమ్మకి తొడుగు

వచ్చిన రోజే బొమ్మని తెల్ల కాగితం మీద పెట్టి, కిటికీ వెలుతురులో ముందూ వెనకా ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకోండి. చినిగినా పోయినా అదే దిక్కు.

లామినేషన్ చేయిస్తే గట్టిగా ఉంటుందని అనిపిస్తుంది గానీ వద్దు. మైనపు క్రేయాన్లతో రంగులు వేసి ఉంటే ఆ మిషన్ వేడికి కరిగి, గులాబీ గౌను మీదకి నల్ల జడ పాకుతుంది. స్టేషనరీ షాపులో ఐడీ కార్డులకి వాడే పారదర్శకమైన కవర్లు పెద్ద సైజువి దొరుకుతాయి, అందులో దూర్చితే చాలు. చెన్నై ఉక్కకి చేతి చెమట తగిలి స్కెచ్ పెన్ను ఇట్టే పాకుతుంది కాబట్టి ఈ తొడుగు తప్పనిసరి. ఫోటో తీసేటప్పుడు మెరుపు కొడితే ఆ కాసేపు బయటికి తీయండి.

చెయ్యి ఊడితే వెనకవైపు చిన్న కాగితం ముక్క గమ్‌తో అంటించండి. ముందువైపు టేపు వేయొద్దు. రెండు చేతులూ సమానంగా కత్తిరిద్దామనే సరదా అసలే వద్దు. అది ఆ పిల్ల గీసుకున్న బొమ్మ.

ఎక్కడికి తీసుకెళ్లాలి

మూడు నాలుగు చోట్లు మించొద్దు. పిల్లది ఏ జిల్లానో చూసి ఎంచుకోండి.

గుంటూరు, పల్నాడు, విజయవాడ వైపు పిల్లయితే ఎగ్మూరు మ్యూజియం. 1851లో మొదలైన మ్యూజియం అది. అమరావతి స్తూపం తాలూకు పాలరాతి శిల్పాలు అక్కడున్నాయి. పాలరాయి అని అలవాటుగా అంటాం గానీ నిజానికి అది పల్నాడు సున్నపురాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఆఫీసరు అమరావతిలో తవ్వించి మద్రాసుకి తెప్పించిన శిల్పాల్లో చాలావరకు తర్వాత ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ తర్వాతి తవ్వకాల్లో దొరికినవాటిలో ఎన్నో ఇక్కడ మిగిలాయి. “మా పక్క ఊరి రాళ్లు నాకంటే ముందే చెన్నై వచ్చేశాయి” అని బొమ్మ రాస్తే పిల్ల ఎంత గొప్పగా చెప్పుకుంటుందో ఊహించండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. కెమెరాకి వేరే టికెట్టు ఉంటుంది, లోపలికి వెళ్లకముందే అడగండి. బొమ్మని శిల్పానికి ఆనించకూడదు. మీ చేత్తో ముందుకు పట్టుకుని, వెనక శిల్పం కనపడేలా తీయండి.

నెల్లూరు పిల్లకైతే రెండు ఉన్నాయి. మొదటిది మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీదున్న పొట్టి శ్రీరాములు స్మారక భవనం. 1952 అక్టోబరు 19న నిరాహార దీక్ష మొదలుపెట్టి, 58 రోజుల తర్వాత డిసెంబరు 15న ఆయన కన్నుమూసింది ఆ ఇంట్లోనే. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. నెల్లూరు జిల్లాకి ఇప్పుడు ఆయన పేరే ఉంది కాబట్టి పిల్ల స్కూలు అడ్రసులో రాసే పేరు, ఈ భవనం బోర్డు మీది పేరు ఒకటే. ఫోటోలో బోర్డు అక్షరాలు చదవడానికి వీలుగా రావాలి.

రెండోదానికి మీరు గడప దాటక్కర్లేదు. వంటింటి కుళాయి. చెన్నైకి నీళ్లిచ్చే వనరుల్లో తెలుగుగంగ ఒకటి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ఇద్దరూ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు ఒప్పందం కుదిరింది, 1996లో మొదటిసారి కృష్ణ నీళ్లు ఇక్కడికి చేరాయి. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, సోమశిల, కండలేరు మీదుగా వచ్చి, ఊత్తుకోట్టై దగ్గర సరిహద్దు దాటి పూండి చెరువులో పడతాయి. కండలేరు నుంచి సరిహద్దు దాకానే కాలువ 152 కిలోమీటర్లు. నంద్యాల, కడప పిల్లలకి కూడా ఇది పనికొస్తుంది, దారి వాళ్ల జిల్లాల మీదుగానే కదా. బొమ్మని కుళాయి పక్కన, తడవనంత దూరంలో నిలబెట్టి ఒక ఫోటో తీయండి. ఉత్తరంతోపాటు ఈ ఊళ్ల పేర్లు వరసగా రాసిన చిన్న కాగితం పెట్టండి, పిల్ల మ్యాపులో గీత గీసుకుంటుంది. ఖర్చు లేని ఈ ఫోటోయే అన్నిటికంటే బాగా పండుతుందని నా నమ్మకం.

కాకినాడ, బాపట్ల, ఒంగోలు తీరంలో పిల్లలకి బకింగ్‌హామ్ కాలువ ఉంది. కాకినాడ నుంచి తమిళనాడులో మరక్కాణం దాకా సముద్రం పక్కనే సాగిన నీటి దారి ఇది. ఒకప్పుడు ఆంధ్ర తీరం నుంచి బియ్యం, కట్టెలు పడవల్లో మద్రాసుకి ఇటుగా వచ్చేవి. నగరంలో దాని పరిస్థితి ఏమిటో మీకు తెలిసిందే, లోకల్ రైలు స్తంభాలు కాలువలోనే పాతుకుని ఉన్నాయి. వంతెన మీద నుంచి ముక్కు మూసుకుని ఫోటో తీసి తిరిగొచ్చేయండి. ఉత్తరంలో మాత్రం మురుగు సంగతి దాచకండి. పిల్లలకి అలాంటివి బాగా గుర్తుంటాయి.

శ్రీకాళహస్తి, తిరుపతి పిల్లయితే టీ నగర్‌లో పానగల్ పార్కు. 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా చేసిన పానగల్ రాజా, అంటే పానగంటి రామారాయణింగారు, కాళహస్తిలో పుట్టిన మనిషి. చీరలు కొనడానికి వెళ్లి ఆ పార్కు చుట్టూ వెయ్యిసార్లు తిరిగిన మనవాళ్లలో కూడా చాలామందికి ఈ సంగతి తెలియదు. టీ నగర్ అన్న పేరులోని త్యాగరాయ చెట్టి కూడా తెలుగువారే.

ఏ జిల్లాకీ ఏమీ తట్టకపోతే రైల్వే స్టేషన్ ఉంది. ప్లాట్‌ఫామ్ టికెట్టు కొని, పిల్ల ఊరి పేరున్న బండి పక్కన బోగీ బోర్డు కనపడేలా ఒక ఫోటో. విజయవాడ పిల్లకి సెంట్రల్‌లో పినాకినీ, తిరుపతి పిల్లకి సప్తగిరి. మూడు భాషల్లో తమ ఊరి పేరు చూడటం చిన్నపిల్లలకి పెద్ద సరదా. బండి కదలక ముందే తీయండి, ప్లాట్‌ఫామ్ అంచుకి పోవద్దు.

ఇది పోస్టు ప్రాజెక్టు కాబట్టి ప్యారీస్ కార్నర్ వైపు రాజాజీ సాలై మీదున్న జీపీవో, అంటే జనరల్ పోస్టాఫీసు దగ్గర ఒక ఫోటో ఉండాల్సిందే. చిషోమ్ అనే ఆర్కిటెక్టు గీసిన ఎర్రటి కట్టడం, 1884 నాటిది. అవతలి ఫుట్‌పాత్ నుంచి తీస్తే బురుజులతో సహా వస్తుంది. ఉత్తరంలో ఒక ముక్క కూడా చేర్చొచ్చు. 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి ఉత్తరాల సంచితో బయల్దేరిన విమానాన్ని బొంబాయి దాకా జేఆర్‌డీ టాటా నడిపారు, అక్కణ్నుంచి నెవిల్ వింట్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసుకి తెచ్చాడు.

మెరీనా పూర్తిగా మానేయమనను. బొమ్మకీ కాస్త సరదా ఉండాలి. సాయంత్రం పూట “తేంగా మాంగా పట్టాణి సుండల్” అని కేకేస్తూ అమ్మే బఠాణీ గుగ్గిళ్ల పొట్లం పక్కన బొమ్మని పెట్టి తీయండి. లైట్‌హౌస్‌కి లిఫ్ట్ ఉంది, సోమవారం సెలవు. పైకెక్కితే గాలికి బొమ్మ చేతిలోంచి లేచిపోతుంది, తొడుగుకి రంధ్రం చేసి దారం కట్టి మణికట్టుకి చుట్టుకోండి.

తాతగారో అమ్మమ్మగారో ఆ ఇంట్లో ఉంటే వాళ్ల కోసం వడపళనిలో ఏవీఎం సినిమా స్టూడియో గేటు దగ్గర గ్లోబుతో ఒకటి. అది పిల్లకి పట్టదు, పెద్దవాళ్లు గంటసేపు సినిమా కబుర్లు చెప్తారు.

ఫోటోలు

బొమ్మ చిన్నది, భవనం పెద్దది. నేల మీద నిలబెట్టి తీస్తే బొమ్మ చుక్కలా కనిపిస్తుంది. చెయ్యి సగం చాచి బొమ్మని కెమెరాకి దగ్గరగా పట్టుకోండి, స్క్రీన్ మీద బొమ్మ ముఖం దగ్గర తట్టి ఫోకస్ చేయండి, భవనం వెనక కాస్త మసగ్గా ఉన్నా ఫర్వాలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి చెన్నై ఎండలో తెల్ల అట్ట వెలిసిపోయినట్టు వస్తుంది, పొద్దున పది లోపు మంచిది.

ఒక ఫోటోలోనైనా మీరుండండి. బొమ్మ ఎవరింట్లో ఉందో పిల్లకి తెలియాలి కదా. దారినపోయే వేరే పిల్లల ముఖాలు, మీ ఇంటి నంబరు, బండి నంబరు పడకుండా చూసుకోండి. ఇవన్నీ క్లాసు గోడ మీద అంటిస్తారు.

పదో పదిహేనో తీసి నాలుగు ఎంచండి. స్టూడియోలో 4×6 సైజులో, మెరుపు లేని కాగితం మీద వేయించండి. వెనక పెన్సిల్‌తో చోటు పేరు, తేదీ. బాల్ పెన్నుతో నొక్కి రాస్తే ముందువైపు గీతలు తేలతాయి.

ఉత్తరం

బొమ్మే రాస్తున్నట్టు రాయండి. మూడో తరగతి పిల్లకి చిన్న వాక్యాలు, పెద్ద అక్షరాలు, లైనుకీ లైనుకీ మధ్య ఖాళీ. ఇంగ్లీష్ మీడియం పిల్లలకి గొలుసుకట్టు చేతిరాత చదవడం కష్టం, అక్షరం అక్షరం విడిగా రాయండి. ఒత్తులున్న మాటలు మరీ ఎక్కువైతే ఉత్తరం వాళ్లమ్మ చదివి వినిపించాల్సి వస్తుంది, అప్పుడు సగం సరదా పోతుంది. టీచర్ ఇంగ్లీషు అడిగితే వేరే కాగితం మీద నాలుగు లైన్లు పెట్టండి, తెలుగు మాత్రం మానొద్దు.

నెల్లూరు పిల్లకి రాస్తే ఇలా ఉండొచ్చు:

“చిన్నీ, నేను చెన్నై చేరాను. దారంతా కవర్లో పడుకునే వచ్చాను, నడుం పట్టేసింది. ఇవాళ పొద్దున అత్త నన్ను కుళాయి పక్కన నిలబెట్టింది. ఎందుకు అని అడిగాను. ఈ నీళ్లలో మీ కండలేరు నీళ్లు కూడా కలుస్తాయి అంది. నేను పోస్టులో వచ్చాను, నీళ్లు కాలువలో వచ్చాయి. సాయంత్రం బీచ్‌కి వెళ్లాం. ఇక్కడ గుగ్గిళ్లని సుండల్ అంటారు. అందులో మామిడికాయ ముక్కలు వేస్తారు. నువ్వు నాకు నోరు మూసి గీశావు కదా, అందుకని అత్తే తినేసింది. తాతయ్య కండలేరు చూశాడా? అడిగి నాకు చెప్పు.”

చివరి ప్రశ్న గమనించండి. ఉత్తరంలో ఒక ప్రశ్న ఉండాలి, జవాబు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరే దొరికేది అయ్యుండాలి. చరిత్ర అంతా ఉత్తరంలోకి దించాలని చూడకండి. తేదీలు, పేర్లు వేరే చిన్న కాగితం మీద “టీచర్ గారికి” అని రాసి పెట్టండి, ఆవిడ క్లాసులో వాడుకుంటుంది. పిల్ల మిమ్మల్ని అత్త అంటుందా, ఆంటీ అంటుందా, మామయ్య అంటుందా అన్నది చూసుకుని అదే రాయండి.

పోస్టాఫీసులో

ముందు బరువు లెక్క. మామూలు ఏ4 కాగితం ఒకటి ఐదు గ్రాములు, 4×6 ఫోటో దాదాపు నాలుగు. అట్ట బొమ్మ పది, రెండు కాగితాల ఉత్తరం పది, నాలుగు ఫోటోలు పదహారు, కవరు పది అనుకుంటే 46 గ్రాములు. స్పీడ్ పోస్టులో మొదటి ధర 50 గ్రాముల వరకే. ఐదో ఫోటో పెట్టినా, ఆ ప్లాస్టిక్ తొడుగుతో పంపినా గీత దాటే అవకాశం ఉంది. 2025 అక్టోబరు నుంచి బయటి ఊళ్లకి 50 గ్రాముల లోపు 47 రూపాయలు, పైన జీఎస్టీ. అది దాటితే దూరాన్ని బట్టి పెరుగుతుంది. పదో ఇరవయ్యో రూపాయల తేడాకి టెన్షన్ పడక్కర్లేదు గానీ తెలిసి ఉండటం మంచిది.

పాతకాలం వాళ్లు “రిజిస్టర్ చేయించు” అంటారు. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి కౌంటర్‌లో స్పీడ్ పోస్టే అడగండి.

ఇక్కడొక చిక్కుంది. స్పీడ్ పోస్టు కవరుకి బార్‌కోడ్ చీటీ అంటించి లోపలికి విసిరేస్తారు. రంగురంగుల స్టాంపులు, గుండ్రటి నల్ల ముద్ర ఉండవు. పోస్టు ప్రాజెక్టులో పిల్లలకి కావాల్సింది మరి అవే. అలాగని బొమ్మని మామూలు పోస్టులో పంపితే ఎక్కడుందో తెలుసుకునే దారి లేదు. కాబట్టి రెండూ చేయండి: బొమ్మ, ఫోటోలు, ఉత్తరం స్పీడ్ పోస్టులో, విడిగా పోస్ట్‌కార్డులు మామూలు పోస్టులో.

పోస్ట్‌కార్డు ఇప్పటికీ 50 పైసలే. ఒకటి అడిగితే చిల్లర గొడవ, పది కొనండి, ఐదు రూపాయలు. మన దేశంలో పోస్ట్‌కార్డు 1879లో మొదలైంది. నేటి పిల్లల్లో చాలామంది దాన్ని చేత్తో పట్టుకుని కూడా ఉండరు. బొమ్మని తిప్పిన ప్రతి చోటా దగ్గర్లో ఉన్న పోస్టాఫీసుకి వెళ్లి ఒక కార్డు ఇవ్వండి: ఎగ్మూరులో ఒకటి, మైలాపూరులో ఒకటి, టీ నగర్‌లో ఒకటి, జీపీవోలో ఒకటి. డబ్బాలో వేయకుండా కౌంటర్ దగ్గరే ఇచ్చి, “సీల్ కొంజం తెళివా పోడుంగ సార్, కుళందై ప్రాజెక్టు” (ముద్ర కాస్త స్పష్టంగా వేయండి సార్, పిల్ల ప్రాజెక్టు) అనండి. చిన్నపిల్లల కోసం అంటే కసురుకునేవాళ్లు తక్కువ, ఇంకు ప్యాడ్ మీద ముద్రని రెండుసార్లు అద్ది మరీ కొడతారు. ముద్రలో ఆఫీసు పేరు, తేదీ ఉంటాయి కాబట్టి కార్డులన్నీ వరసగా పేర్చితే బొమ్మ ఏ రోజు ఎక్కడుందో పిల్ల తనే చెప్పేస్తుంది. కార్డు మీద రెండు లైన్లు చాలు. “ఇవాళ అమరావతి రాళ్లు చూశాను. అవి నన్ను గుర్తుపట్టలేదు.”

మంచి స్టాంపులు కావాలంటే అన్నా సాలై హెడ్ పోస్టాఫీసులో స్టాంపులు సేకరించేవాళ్ల కోసం ఫిలాటెలిక్ బ్యూరో ఉంది. పక్షులు, రైళ్లు, మహానుభావులు బొమ్మలున్నవి అడిగి తీసుకోండి. ఐదు రూపాయల స్టాంపొకటి మామూలు కవరు మీద 20 గ్రాముల దాకా సరిపోతుంది. మన ఫోటోతో స్టాంపు వేసిచ్చే “మై స్టాంప్” కూడా ఉంది, బొమ్మ ఫోటోతో వేయిస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ అది మీ సరదాకే, ప్రాజెక్టుకి అక్కర్లేదు.

ఇన్‌లాండ్ లెటర్ జోలికి వెళ్లకండి. అందులో ఏమీ పెట్టకూడదని దాని మీదే రాసి ఉంటుంది. కవర్లో కూడా చాక్లెట్లు, బీచ్ ఇసుక, గవ్వలు, పది రూపాయల నోటు పెట్టొద్దు. చాక్లెట్ కరుగుతుంది, ఇసుక కారుతుంది, గవ్వ ఒక్క ముద్ర దెబ్బకి పొడి అవుతుంది, నోట్లు మామూలు కవర్లో పంపడం నిబంధనలకి విరుద్ధం. స్టాప్లర్ పిన్ను కూడా వద్దు, ఫోటోని గీరుతుంది.

బొమ్మ వంగకుండా బిస్కెట్ ప్యాకెట్ అట్ట కత్తిరించి వెనక పెట్టొచ్చు, ఆ బరువు కలుపుకోండి. అడ్రసు కింద కుడివైపు, పిన్ కోడ్ మిగతా అక్షరాల కంటే పెద్దగా, ఫోన్ నంబరు తప్పకుండా. పిన్ కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న వచ్చింది. మొదటి అంకె 5 అయితే తెలుగు రాష్ట్రాలు, కర్ణాటక, 6 అయితే తమిళనాడు, కేరళ. గుంటూరు కవరు మీద 522 బదులు పొరపాటున మన అలవాటు కొద్దీ 600 పడితే అది చెన్నైలోనే చక్కర్లు కొడుతుంది. మీ అడ్రసు వెనకవైపు రాయడం మరవకండి.

పంపాక

రసీదు మీద నంబరు ఇంగ్లీషు E అక్షరంతో మొదలై IN అక్షరాలతో ముగుస్తుంది, అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం పదమూడు. రసీదు ఫోటో తీసి స్నేహితురాలికి పంపండి, పిల్లకి కాదు. వాళ్లింట్లో పగలు ఎవరూ ఉండకపోతే పక్కింటివాళ్లకి ముందే చెప్పి ఉంచమనండి. పోస్ట్‌కార్డులు ఒకటి ముందు, ఒకటి వెనక వస్తాయి. మామూలు పోస్టు కాబట్టి వారం పట్టినా కంగారు పడొద్దు. ఒకటి రాకపోయినా మిగతావి ఉంటాయి, అందుకే అన్ని పంపమన్నది.

పిల్ల విదేశంలో ఉంటే వీటిలో చాలావరకు అవే పనికొస్తాయి గానీ సమయం ఎక్కువ తీసుకోండి. కాగితాలు, ఫోటోలు తప్ప బహుమతి వస్తువులేవైనా పెడితే కస్టమ్స్ చీటీ నింపాలి. విత్తనాలు, మట్టి, తినే వస్తువులు పెట్టనే వద్దు.

గడువు దగ్గరపడి కవరు ఇంకా దారిలోనే ఉంటే, మొదటిరోజు తీసి ఉంచుకున్న బొమ్మ ఫోటోని, ఆ నాలుగు ఫోటోలని, ఉత్తరాన్ని స్నేహితురాలికి పంపి వాళ్ల ఊళ్లోనే రంగుల్లో ప్రింటు తీయించమనండి. టీచర్‌కి రసీదు చూపిస్తే ఒకట్రెండు రోజులు ఆగుతారు. అసలు బొమ్మ తర్వాత చేరినా గోడ మీద దాని చోటు దానికి ఉంటుంది.